మన గుట్టల మీది మొక్కలకు ఏటేటా లెక్క ఉండాలి

సంపాదకులు గారికి,

మా చిన్నతనంలో బతుకమ్మకు గునుగు పువ్వు ఊరు దాటగానే చేలగట్ల మీదే దొరికేది. ఇప్పుడు అంగడిలో కొనుక్కుంటున్నాం. కలుపు మందులే కారణమని కొందరు, వానలు తప్పడమని కొందరు, సర్కారు తుమ్మ బంచరాయి భూములను కమ్మేసిందని మరికొందరు అంటారు. వీటిలో ఏది ఎంత నిజమో తేల్చాలంటే ఒకే చోటును ఏళ్ల తరబడి చూసి రాసిపెట్టిన లెక్కలు కావాలి. మా మండలంలో అడిగితే పెద్దవాళ్ల జ్ఞాపకాలే దొరుకుతాయి.

అమెరికాలో అరిజోనా ఎడారిలోని టూసాన్ నగరం పక్కన టుమమాక్ అనే గుట్ట ఉంది. 1903లో కార్నెగీ అనే పరిశోధన సంస్థ అక్కడ ఎడారి ప్రయోగశాల నెలకొల్పింది. 1906లో వోల్నీ స్పాల్డింగ్ అనే వృక్షశాస్త్రవేత్త కొన్ని చిన్న మడులకు హద్దులు పెట్టి, వాటిలోని మొక్కలను పటం మీదికి ఎక్కించారు. పశువులు రాకుండా ఆ రోజుల్లోనే గుట్ట చుట్టూ కంచె వేశారు. తర్వాతి తరాలవారు అవే మడులకు తిరిగి వెళ్లి లెక్కించబట్టి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఇప్పుడు చేతిలో ఉంది. అక్కడి సగ్వారో జెముడు నూట యాభై ఏళ్లకు పైగా బతకగలదు కనుక, దాని చావుపుట్టుకల సంగతి ఏ ఒక్కరి ఉద్యోగకాలంలోనూ తేలేది కాదు.

మనది ఎడారి కాకపోయినా కరువు నేల. నిరుడు మృగశిర కార్తె దాటాక మా గుట్ట మీద చాపంత జాగాలో కూర్చొని చూశాను. పల్లేరు, ఉత్తరేణి, రెండు రకాల గడ్డి, ఒక రాతి నీడన అప్పుడే విచ్చుకున్న పదకొండు తంగేడు మొలకలు కనిపించాయి. ఇరవై రోజులు వాన మొహం చాటేశాక వెళ్తే మూడే మిగిలాయి. ఆ మూడింటిలో ఎన్ని పొదలవుతాయో ఐదారేళ్లు వరుసగా చూస్తే గానీ చెప్పలేం.

2015లో మొదలైన హరితహారంలో నాటిన మొక్కలను లెక్కపెట్టుకున్నాం. తమంతట తాము మొలిచేవాటినీ అంతే శ్రద్ధగా లెక్కపెట్టాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు కావాలి. ఆ కమిటీలు, అటవీ శాఖ, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు కలిసి దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు గుట్టల మీద కొన్ని మడులను ఎంచుకోవాలి. సగం మడులకు కంచె వేసి, సగం మేకలు మేసేలా వదిలేస్తే మేత ప్రభావమూ తెలుస్తుంది. ఏ మొక్క ఎప్పుడు మొలుస్తుందో ఎరిగిన గొర్రెకాపరులను కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లాలి.

హద్దురాళ్లకు, కొలత టేపుకు, ఏటా ఒకే రాతి మీద నిలబడి తీసే ఫొటోకు పెద్ద ఖర్చేమీ కాదు. మొదలుపెట్టిన అధికారికో అధ్యాపకుడికో బదిలీ కాగానే పని ఆగిపోవడమే నా భయం. అందుకే ఈ మడుల రిజిస్టరును చార్జి అప్పగించే కాగితాల్లో తప్పనిసరిగా చేర్చాలని జిల్లా కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా