సోలార్ ఫలకానికి వేడి లాభం కాదు, నష్టం

సంపాదకులకు,

అయ్యా,

సౌర ఘటాల (సోలార్ ఫలకంలోని సెల్స్) సామర్థ్యం, అంటే సోకిన కాంతి శక్తిలో విద్యుత్తుగా మారే భాగం, ప్రయోగశాలలో 34 శాతం దాటిందన్న వార్తను మీ విజ్ఞాన పుటలో చదివాను. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ (ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణం గల పదార్థం) పొర వేసిన జంట ఘటాల గురించి సామాన్య పాఠకులకు చెప్పబూనడం మెచ్చదగిన పనే కానీ, అందులో 'సూర్యుడి వేడిని విద్యుత్తుగా మార్చే' అన్న మాట దొర్లింది. సౌర ఘటం వాడుకునేది వెలుగును. వేడి దానికి నష్టమే. ఆ నష్టంలో పెద్ద భాగం వెలుగు సోకిన తొలి పికో సెకనులోనే, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతులోనే, జరిగిపోతుంది.

సిలికాన్‌లో ఎలక్ట్రాన్ వహన పట్టీలోకి, అంటే కరెంటుగా కదలగల స్థితిలోకి, చేరడానికి 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి చాలు. ఊదారంగు ఫోటాన్ (కాంతి కణం) తెచ్చేది దాదాపు 3. మిగులు శక్తిని ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) పంచుకుని, ముందు తోటి కణాలతో ఢీకొని, ఆపైన స్ఫటికంలోని పరమాణువుల కంపనాలకు ధారపోసి, పట్టీ అంచుకు, అంటే అతి తక్కువ శక్తి గల స్థితికి, దిగిపోతాయి. దిగాక, ఊదా కాంతి లేపిన ఎలక్ట్రాన్‌కూ ఎరుపు కాంతి లేపినదానికీ తేడా మిగలదు. ఈ నష్టం వల్లనూ, పరారుణ కాంతిలో కొంత అసలు పట్టుబడకపోవడం వల్లనూ, ఒకే పొర ఉన్న ఘటం మామూలు ఎండలో సుమారు 33 శాతం దాటజాలదని 1961లో శాస్త్రవేత్తలు షాక్లీ, క్వైసర్ చూపిన పద్ధతిలో లెక్క తేలుతుంది. జంట ఘటంలో నీలి కాంతిని ఎక్కువ శక్తి అంతరం (ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావలసిన శక్తి) గల పై పొర పట్టుకుంటుంది కనుక మిగులు తగ్గి, వేడిగా పోయేదీ తగ్గుతుంది. వార్తలో రావలసిన అసలు సంగతి ఇదే.

పికో సెకనంత చిన్న కాలాన్ని మామూలు గడియారం కొలవలేదు. అందుకే లేజర్ స్పందనను (అతి చిన్న కాంతి మెరుపును) రెండుగా చీల్చి, ఒకదానితో ఎలక్ట్రాన్లను లేపి, రెండోదాన్ని కాస్త ఆలస్యంగా పంపి వాటి స్థితిని చూస్తారు. రెండో స్పందన దారిలోని అద్దాన్ని 0.15 మిల్లీమీటరు వెనక్కి జరిపితే, కాంతి పోయి రావడానికి 0.3 మిల్లీమీటరు దూరం పెరిగి, దాదాపు ఒక పికో సెకను ఆలస్యమవుతుంది. దూరంతో కాలాన్ని కొలిచే ఈ ఉపాయం మన ఇంటర్ విద్యార్థులకు కూడా అర్థమయ్యేదే.

చల్లారకముందే, అంటే మిగులు శక్తిని కోల్పోకముందే, ఎలక్ట్రాన్లను బయటికి లాగగలిగితే సామర్థ్యం 66 శాతం దాకా పోవచ్చని 1982లో శాస్త్రవేత్తలు రాస్, నోజిక్ లెక్క వేశారు. పెరోవ్‌స్కైట్లలో ఈ చల్లారడం పదుల పికో సెకన్ల దాకా సాగుతుందన్న ఫలితాలు ఆశ పుట్టిస్తాయి. అయితే అలాంటి మందగమనం ముఖ్యంగా ఎండకంటే ఎన్నో రెట్లు తీవ్రమైన లేజర్ కాంతి కింద, ఎలక్ట్రాన్లు కిక్కిరిసినప్పుడు కనిపించేది. కనుక ఇకపై ఇటువంటి వార్తలు వేసేటప్పుడు, ఆ ఫలితం ఎంత కాంతి తీవ్రత దగ్గర వచ్చిందో, రికార్డు కొట్టిన ఘటం విస్తీర్ణం ఎంతో కూడా ఒక వాక్యంలో తెలుపవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ