పాత బండిలో బ్రేకు వేసే చేతి లివర్‌ను కూడా తనిఖీ చేయించండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారం. నడుము కింద స్పర్శ లేని నాలాంటివారు వీల్‌చైర్‌తో సహా ఎక్కి, చేతులతో నడుపుకోగల వ్యాను కావాలంటే మామూలు బండి కొని, వెనుక ర్యాంపు, కుర్చీని నేలకు బిగించే పట్టీలు, బ్రేకు, యాక్సిలరేటర్ల కోసం స్టీరింగ్ పక్కన చేతి లివర్ విడిగా పెట్టించుకోవాలి. అంత స్తోమత లేనివారు ఇంకొకరు వాడిన బండి కోసం వెతుక్కుంటారు. దివ్యాంగులకు కార్ల మీద జీఎస్టీ రాయితీ అమల్లో ఉన్నప్పుడు కూడా అది నాలుగు మీటర్ల లోపు కొత్త కార్లకే దక్కింది; పాత బండి కొనే మా దాకా రానేలేదు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది బ్రేకు. చేతి లివర్ నుంచి వచ్చే కడ్డీని బ్రేకు పెడల్‌కు క్లాంపుతో బిగిస్తారు. ఆ క్లాంపు వదులైతే లివర్ ఎంత నొక్కినా బండి ఆగదు. కాళ్లున్నవారు పెడల్ తొక్కి బయటపడతారు. మేం ఏం తొక్కాలి? అయినా బండిని కొత్త యజమాని పేరుకు మార్చేందుకు ఇచ్చే 29, 30 ఫారాలలో ఆ లివర్ ఎవరు అమర్చారు, ఎప్పుడు అమర్చారు అన్న ప్రశ్నే లేదు.

పైగా ఒకరికి కుదిరింది మరొకరికి కుదరదు. కుడికాలు మాత్రమే పనిచేయని వ్యక్తి ఎడమకాలితో తొక్కే యాక్సిలరేటర్ పెట్టించుకుంటారు. ఆ బండి నేను కొంటే దాన్ని తీయించి చేతి లివర్ పెట్టించుకోవాలి. అంటే మళ్లీ మార్పు, మళ్లీ అనుమతి, మళ్లీ ఆర్టీవో కార్యాలయం మెట్లు.

2019 సవరణతో మోటారు వాహనాల చట్టం మాకోసం మార్చిన బండ్లకు నిర్వచనం ఇచ్చింది. 2020 అక్టోబరులో రిజిస్ట్రేషన్ దరఖాస్తులో దివ్యాంగ యజమానులకు ప్రత్యేక గడి చేర్చారు. అందుకు కృతజ్ఞతలు. ఆ శ్రద్ధ రెండో యజమాని దాకా రావాలి. బండికి చేసిన ప్రతి మార్పు, అమర్చినవారి పేరు, తేదీ ఆర్సీలో నమోదు చేయించండి. చేతులు మారేటప్పుడు లివర్‌నూ పట్టీలనూ తప్పనిసరిగా తనిఖీ చేయించండి. కొత్త యజమానికి తగినట్లు చేసే సర్దుబాటుకు పేరు మార్పిడితో పాటే, ఒకే దరఖాస్తు మీద అనుమతి ఇప్పించండి.

ఇది దయ చూపమని అడగడం కాదు. వాహనాలను మా అవసరాలకు తగ్గట్టు మార్చుకునేందుకు పథకాలు తేవాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ ప్రభుత్వాలను ఆదేశిస్తోంది. మీ శాఖ ముసాయిదా వెలువరిస్తే, పాత బండ్లు కొన్న మా అందరి అభిప్రాయాలూ రాసి పంపుతాం.

ఇట్లు,
చేతులతో బండి నడిపే ఒక పౌరురాలు,
హైదరాబాద్