ట్రాన్స్‌ఫార్మర్ మీద గూడు కట్టబోయిన చిలక

సంపాదకులు గారికి నమస్కారం.

లండన్ పార్కుల్లో మన రామచిలకలు వేలాదిగా ఎగురుతున్నాయంటూ ఈమధ్య ఒక వీడియో ఫోన్లలో తెగ తిరుగుతోంది. 'మనవాళ్లు ఎక్కడికెళ్లినా పాతుకుపోతారు' అని దాని కింద రాతలు, చప్పట్ల బొమ్మలు. 2018లో రామచిలకను మన రాష్ట్ర పక్షిగా ప్రకటించారు కాబట్టి ఆ సంబరం కొంత అర్థమవుతుంది. కానీ అవి అక్కడికి ఎగురుకుంటూ వెళ్లలేదు, పంజరాల్లో వెళ్లాయి. ఆ ముక్క వీడియోలో లేదు. అలాంటి పంజరాలు ఇప్పుడు మన నెల్లూరు బాల్కనీల్లో వేలాడుతున్నాయి. వాటిలో ఉన్నవి మాత్రం మన చిలకలు కావు.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం అయిపోయినా మెడకు ఆ అలవాటు పోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కనబడితే చాలు, ఆయిల్ కారుతోందా, జంపర్లు (లైన్లను కలిపే తీగ ముక్కలు) సరిగా ఉన్నాయా అని తల పైకి లేస్తుంది. పోయిన నెలలో మాగుంట లేఅవుట్‌లో మా కూతురింటికి పోతూ అలాగే తలెత్తితే, స్తంభానికి అడ్డంగా ఉండే క్రాస్‌ఆర్మ్ మీద ఒక పచ్చ పిట్ట కూర్చుని ఉంది. చిలకే, కానీ మన చిలక కాదు. మనదానికి ఎర్రటి ముక్కు, సన్నగా సాగిన పొడుగాటి తోక, మగదానికైతే మెడచుట్టూ నలుపూ గులాబీ కలిసిన పట్టీ ఉంటాయి. దీనికి నొసలు, చెంపలు, రొమ్ము బూడిద రంగు. ముక్కు లేత గోధుమ రంగు. తోక మనదానికన్నా పొట్టి. రెక్క విప్పితే నీలం ఈకలు. అరుపు కూడా మన చిలకల 'కీ.. కీ' కాదు, గొంతు పట్టేసినట్టు గరగరమంటోంది.

అయితే నన్ను అక్కడ నిలబెట్టింది ఆ రంగులు కావు, దాని ముక్కున ఉన్న వేపపుల్ల. పుల్ల తెచ్చి క్రాస్‌ఆర్మ్‌కీ, తీగను మోసే ఇన్సులేటర్‌కీ మధ్య సందులో దోపుతుంది, అది జారి కింద పడుతుంది, మళ్లీ పోయి ఇంకోటి తెస్తుంది. చిలక గూడు కట్టడమేంది? తొర్రలో దూరి గుడ్లు పెట్టే జాతి కదా! కింద ఇస్త్రీ బండి దగ్గరున్న ఆమె దండం పెట్టి, "గోదాదేవి చేతిలో చిలకన్నా అది, రంగనాయకుల స్వామి గుడి నుంచి వచ్చుంటుంది" అనింది. ఆమెతో నేను వాదించలేదు. ఫోటో తీసుకుని ఇంటికొచ్చి మా మనవడికి చూపించాను. వాడు వెతికి పేరు చెప్పాడు, మాంక్ పారకీట్ అని. పెంచేవాళ్లు క్వేకర్ అంటారట.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అర్జెంటీనా, ఉరుగ్వే, ఆ చుట్టుపక్కల. తొర్రతో పని లేకుండా పుల్లలతో పెద్ద గూడు పేర్చుకునే చిలక ఇదే. ఒక్కో జంటకు ఒక్కో గది. కొత్త జంట వస్తే పాత గూటికే తన గది అతికించుకుంటుంది. గుడ్లు లేని కాలంలో కూడా కాపురం అందులోనే.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పాలి. వేసవి వస్తే మా లైన్‌మన్లకు కాకిగూళ్ల టెన్షన్. కాకి ఒట్టి పుల్లలతో ఊరుకోదు, ఇళ్లు కట్టేచోట దొరికిన బైండింగ్ వైరు ముక్కలు కూడా తెచ్చి అల్లుతుంది. అది జారి కరెంటు తీగకీ క్రాస్‌ఆర్మ్‌కీ ఒకేసారి తగిలిందంటే ఫీడర్ ట్రిప్, అంటే ఆ లైను మొత్తానికి కరెంటు పోయినట్టే. లైన్ క్లియర్ తీసుకుని (అంటే లైనులో కరెంటు ఆపించుకుని), ఎర్త్ చేసుకుని, స్తంభం ఎక్కి దాన్ని దించేలోపు కాలనీ మొత్తం ఆఫీసుకు ఫోన్లు చేసి తిడుతుంది. అయినా కాకిగూడు ఒక సీజను ముచ్చట, పిల్లలు ఎగిరిపోతే దాని పని సరి. ఈ చిలక గూడు అలా కాదు, ఏటేటా పెరుగుతుంది. అమెరికాలో ఫ్లోరిడా, న్యూయార్క్ వైపు ఇవి ట్రాన్స్‌ఫార్మర్ల మీద, సబ్‌స్టేషన్లలో గూళ్లు కట్టడం, అవి వానకు తడిసి షార్ట్ కావడం, మంటలు లేవడం మామూలైపోయింది. గూళ్లు తీయించడానికే అక్కడి కరెంటు సంస్థలు బోలెడంత ఖర్చు పెట్టాయి. తీసేసిన చోటే మళ్లీ కడతాయి. చలికి ట్రాన్స్‌ఫార్మర్ వేడి కావాలని అక్కడ వాటి మీద చేరతాయంటారు. నెల్లూరులో వేడికేం కరువు, ఎక్కడైనా కట్టుకోవచ్చు!

అమెరికాకు ఇవి 1960లు, 70ల్లో పెంపుడు పిట్టల వ్యాపారంలో వేలకొద్దీ వచ్చాయి. తప్పించుకున్నవి కొన్ని, విసుగొచ్చి వదిలేసినవి కొన్ని. స్పెయిన్‌లోనూ అంతే. మాడ్రిడ్, బార్సిలోనా పార్కులు వీటితో నిండాక వీటి అమ్మకం, పెంపకం నిషేధించారు. అప్పటికే ఆలస్యం. చివరకు 2019లో మాడ్రిడ్ నగరపాలక సంస్థ వీటి సంఖ్య తగ్గిస్తామని ప్రకటించింది. తగ్గించడమంటే చంపడం, గుడ్లు పొదగకుండా చేయడం. పిట్ట చేసిన తప్పేముంది పాపం.

మన రామచిలక యూరప్ వెళ్లిన కథ కూడా ఇలాంటిదే. బ్రస్సెల్స్‌లో 1974లో ఒక వినోద పార్కువాళ్లు ఊరికి కాస్త రంగు వస్తుందని నలభై దాకా చిలకల్ని వదిలారు. ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి. లండన్ చిలకల్ని జిమీ హెండ్రిక్స్ అనే గిటారు కళాకారుడు వదిలాడని అక్కడ ఒక కథ. చిలకలు ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ కనబడ్డాయో పాత లెక్కలు తీసి, ఆ కథకు ఆధారం లేదని 2019లో పరిశోధకులు తేల్చారు. ఎన్నో చోట్ల కొన్ని కొన్నిగా తప్పించుకున్నవీ, వదిలేసినవీ కలిసి పెరిగాయన్నారు. నాకు ఆ మాటే పట్టుకుంది. ఎవరో గొప్పవాడు చేసిన పని కాదది. ఎన్నో ఇళ్లలో పంజరం గొళ్లెం సరిగా పడలేదు, అంతే. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఒక పార్కులో తొర్రల కోసం ఈ రామచిలకలు అరుదైన పెద్ద గబ్బిలాల మీద పడి చంపిన సంగతి కూడా నమోదైంది. ఇక్కడ మనం ముద్దు చేసే పిట్టే అది.

ఇక్కడేమో ఆ రామచిలకకే తొర్రలు కరువు. సాయంత్రం పూట కోవూరు పొలాల వైపు నుంచి పెన్నా దాటి గుంపులు గుంపులుగా ఊళ్లోకి వస్తాయి. వరి కంకిని కంకిగా తుంచుకుపోతాయని రైతులు తిట్టుకుంటారు, అదీ నిజమే. కానీ అవి గుడ్లు పెట్టుకోవాలంటే ముసలి చెట్టు కావాలి, లేదా తల పోయిన తాటిమోడు, లేదా పాత గోడలో కన్నం. సర్వేపల్లి కాలువ వెంట అలాంటి మోడులు నేను ఉద్యోగంలో చేరినప్పుడు చాలా ఉండేవి. లైనుకు అడ్డమొచ్చే కొమ్మ కొట్టక తప్పదు, అందులో మొహమాటం లేదు. లైనుకు దూరంగా, ఎవరి మీదా పడని చోట ఉన్న ఎండు మోడును కూలిస్తే ఎవరికి లాభం? అందులో చిలక తర్వాత గోరింకో, పాలపిట్టో, గుడ్లగూబో కాపురం పెడుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. అందుకని సరదా ఉన్నవాళ్లు విదేశీ రకాల మీద పడ్డారు. వాటిలో చాలా రకాలను పర్యావరణ శాఖవాళ్ల పరివేష్ పోర్టల్ అనే వెబ్‌సైటులో నమోదు చేయాలని 2024లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఈ క్వేకర్ కూడా అందులోకే వస్తుంది. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చచ్చిపోయినా చెప్పాలి. మా కాలనీలో పెంచే ఒక అబ్బాయితో ఈ మాటంటే, "రేషన్ కార్డు కూడా తీయించమంటారా అంకుల్" అని నవ్వాడు. నేను చూసిన పిట్ట మాదని ఆ వీధిలో ఒక్కరూ ఒప్పుకోలేదు.

నాకు అన్నిటికన్నా జాలి గుండెలంటేనే భయం. అరుపు భరించలేకనో, ఊరు మారుతూనో తలుపు తీసి, 'పో, హాయిగా బతుకు' అని పుణ్యం కట్టుకున్నామనుకుంటారు. అలా వదిలినవాటిలో చాలావరకు కాకుల పాలో, డేగల పాలో అవుతాయి. బతికినవి జంట కడితే బార్సిలోనా కథ ఇక్కడ మొదలవుతుంది. వద్దనుకుంటే ఇంకో పెంపకందారుకు కాగితాలతో సహా ఇవ్వండి. పొరపాటున ఎగిరిపోతే ఆ రోజే దాని పంజరం, దాని తోడు పిట్ట ఉంటే దాన్ని కూడా మిద్దె మీద పెట్టి, తిండి వేసి పిలవండి. మొదటి రోజు చాలావరకు దూరం పోదు.

స్తంభాలెక్కే తమ్ముళ్లకు ఒక మాట. పుల్లల గూటికి పక్కనో కిందనో గుండ్రటి దారి కనబడితే కాకిగూడని లాగి పారేయకండి, ఫోటో తీసి అటవీ శాఖవాళ్లకు పంపండి. అలాగే మీరు మీ జిల్లా పేజీలో రెండు చిలకల ఫోటోలు పక్కపక్కన వేస్తే పాఠకులు తేడా పట్టగలుగుతారు. నేను తీసిన ఫోటో జతచేస్తున్నాను. ఎండకు ఎదురుగా తీయడంతో ముక్కు రంగు సరిగా రాలేదు గానీ రొమ్ము మీది బూడిద రంగు, నోట్లో పుల్ల స్పష్టంగా ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత లైన్‌మన్,
మూలాపేట, నెల్లూరు