పార్టిషన్ వెనక్కి తెప్పించిన అన్నకి థ్యాంక్స్

అన్నా, మీ పేరు అడగడం కుదరలేదు, అందుకే ఇలా అందరి ముందూ థ్యాంక్స్ చెప్తున్నా. మా తమ్ముడు విండోస్ మళ్లీ ఎక్కిస్తూ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోని పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం) డిలీట్ చేసేశాడు, అక్క పెళ్లి ఫొటోలన్నీ అందులోనే. "దాంట్లో ఇంకేమీ కాపీ చేయకండి, ఫార్మాట్ చేయాలా అని అడిగితే వద్దనండి, పోయింది పార్టిషన్ టేబుల్లోని, అంటే ఏ భాగం ఎక్కడుందో రాసి ఉండే పట్టికలోని వివరమే, డేటా అక్కడే ఉంటుంది" అని మీరు చెప్పాకే టెన్షన్ తగ్గింది. పోయిన పార్టిషన్లని వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్ వాడమన్నారు, అది ఫ్రీ సాఫ్ట్‌వేరే, కానీ ఆ నల్ల స్క్రీన్ చూస్తే ఎవరికైనా భయమే! క్విక్ సెర్చ్‌లో పార్టిషన్ దొరక్కపోతే ఇంకా లోతుగా వెతికే డీపర్ సెర్చ్ పెట్టించి, పీ నొక్కి ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో చూశాకే రైట్ (Write, అంటే ఆ వివరాన్ని డిస్క్‌లో తిరిగి రాయడం) కొట్టమన్నారు చూడండి, ఆ జాగ్రత్త నాకు తోచేది కాదు. రీస్టార్ట్ చేయగానే ఫోల్డర్లు పేర్లతో సహా వచ్చేశాయి. ఇంకో కాపీ వేరే డిస్క్‌లో పెట్టేశాను లెండి, మీరు తిట్టకముందే.