సజ్జ మీదికి మనిషిని దించకండి

సంపాదకులకు నమస్కారం.

మృగశిర కార్తె దగ్గరపడింది. వానలు మొదలయ్యేలోపు డాబా తూములు తీయించాలని, ఏడాదంతా దుమ్ము పట్టిన కిటికీ అద్దాలు కడిగించాలని నగరంలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు హడావుడి పడే రోజులివి. అద్దాలు తుడిచే పనికి కొత్త కుర్రాళ్లు ఎక్కువగా దిగేదీ ఇప్పుడే. పనిలో చేరిన వారంలోనే వాళ్లు వినే మాట ఒకటుంది: "ఆ చివరి అద్దం అందదు గానీ, సజ్జ మీదికి దిగితే అందుతుంది బాబూ." ఆ మాట అనేవాళ్ల కోసమూ, విని దిగేవాళ్ల కోసమూ ఈ ఉత్తరం.

సజ్జ అంటే కిటికీల పైన ఎండావానలు ఆపడానికి వేసే, ఒక్క వైపే గోడను పట్టుకుని ఉండే కాంక్రీటు పలక. దాని బలమంతా పైభాగంలో వేసే ఇనుప చువ్వలది. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరి కాలో పడి ఆ చువ్వలు కిందికి కుంగితే, పైకి ఎంత నున్నగా కనిపించినా అది మనిషి బరువును ఆపుతుందన్న భరోసా లేదు. పాత భవనాల్లో గోడా సజ్జా కలిసేచోట పైన సన్నని పగులు, అడుగున తుప్పు మరక కనిపిస్తే లోపలి చువ్వను తుప్పు తింటోందని అర్థం. వీటికి తోడు నాచు, పావురాల రెట్ట, ఏసీ అవుట్‌డోర్ యూనిట్. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎవరు ఎంత బతిమాలినా, ఎంత ఎక్కువ ఇస్తామన్నా ఆ పనికి ఒప్పుకోకూడదు.

నిజానికి సజ్జ దిగాల్సిన అవసరం చాలా ఇళ్లలో లేదు. మన ఫ్లాట్లలో ఎక్కువగా ఉండేవి అల్యూమినియం, యూపీవీసీ స్లైడింగ్ కిటికీలు. ఒక తలుపు జరిపి, ఆ ఖాళీలోంచి చెయ్యి బయటపెట్టి పక్క తలుపు బయటి ముఖాన్ని తుడవొచ్చు. చెయ్యి చాలని చోటికి తల తిరిగే వైపర్, రెండడుగుల పిడి ఉంటే సరిపోతుంది. గ్రిల్ ఉంటే చువ్వల సందులో దూరే 25 సెంటీమీటర్ల వైపర్ కొనుక్కోవాలి. బయటికి వెళ్లే ప్రతి పనిముట్టునూ తాడుతో మణికట్టుకో గ్రిల్‌కో కట్టాల్సిందే. ఐదో అంతస్తు నుంచి జారిన వైపర్ కింద నడిచేవాడి తల పగలగొడుతుంది.

అయస్కాంతం జోడు తుడుపులు అమ్ముతున్నారు గదా అంటారు. అవి అద్దం మందానికి సరిపోయేవి అయితేనే పనిచేస్తాయి. 5 మిల్లీమీటర్ల అద్దానికి చేసినవి రెండు పొరల అద్దానికి అంటుకోవు, జారి పడతాయి. పైగా బయటి దుమ్మును ముందు తడిపి కడగకపోతే, దిండు కింద చిక్కిన ఇసుక రేణువు అద్దం మీద వంకర టింకర గీతలు గీసి పెడుతుంది.

స్లైడింగ్ తలుపును ఊడదీసి లోపలికి తెచ్చి కడగడం పాతవాళ్లు చేసే పని. కొత్తవాళ్లు ఒంటరిగా దాని జోలికి పోకూడదు. అద్దం బరువు చదరపు మీటరుకు, మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న తలుపులో అద్దమే 9 కిలోలు, ఫ్రేము వేరే. పైకి ఎత్తి అడుగు భాగాన్ని పట్టాలోంచి, అంటే తలుపు జరిగే గాడిలోంచి, తప్పించే క్షణంలో అది బయటికి వాలిందంటే ఆపే చెయ్యి ఉండదు. ఇద్దరుండాలి, అదీ లోపలి పట్టా మీది తలుపుకే.

అద్దం కంటే ముందు పట్టా శుభ్రం చెయ్యాలి. మొదట పొడి బ్రష్‌తో దుమ్మంతా ఎత్తెయ్యాలి. నీళ్లు ముందే పోస్తే అది బురదై మూలల్లో గడ్డకడుతుంది. పట్టా అడుగున బయటి వైపు చిన్న చీలికల్లాంటి నీటి రంధ్రాలుంటాయి. వానాకాలం "కిటికీ కారుతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం అవి మూసుకుపోవడమే. సన్నని తీగతో పొడిచి, మగ్గుడు నీళ్లు పట్టాలో పోసి చూడండి. నీళ్లు బయటి గోడ మీదికి జారిపోవాలి. నిలిచిపోతే పని కాలేదన్నమాట. కొందరు మేస్త్రీలు ఆ రంధ్రాల మీదే సిలికాన్ పూసేసి ఉంటారు, అదీ చూసుకోవాలి.

ఇక నీళ్ల సంగతి. హైదరాబాద్‌లో అద్దాల పని చెడగొట్టేది సబ్బు కాదు, బోరు నీళ్లు. చాలా కాలనీల్లో వాటి టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) వెయ్యి దాటుతుంది. ఆ నీళ్లతో కడిగి ఎండకు వదిలేస్తే కాల్షియం, మెగ్నీషియం తెల్ల చుక్కలై కూర్చుంటాయి. వైపర్‌తో లాగేసే పనైతే జలమండలి నీళ్లు చాలు. పొడవాటి కర్రకు బ్రష్ తగిలించి, నీళ్లు పారిస్తూ, తుడవకుండా ఆరనిచ్చే పద్ధతికి మాత్రం టీడీఎస్ 10 లోపు ఉండాలి. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్వో నీళ్లు సాధారణంగా అంత కిందికి రావు. ఆర్వో తరవాత, మిగిలిన లవణాలను పట్టేసుకునే డీఅయనైజేషన్ రెజిన్ గుండా పంపాలి. బోరు నీళ్లను నేరుగా రెజిన్‌కు ఎక్కిస్తే రెజిన్ చూస్తుండగానే అయిపోతుంది, డబ్బులన్నీ దానికే. చిన్న టీడీఎస్ మీటరు జేబులో ఉంచుకుని రోజూ చూసుకోవాలి.

వైపర్ పని ఇలా. 10 లీటర్ల బక్కెట్‌కు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా. ఎక్కువైతే నురగ చారలు మిగులుతాయి. మాపుతో అద్దమంతా, ముఖ్యంగా అంచులు తడిపి రుద్దాలి. పై అంచున అంగుళం మేర గుడ్డతో ఆరదుడిచి, ఆ పొడి చోట రబ్బరు ఆనించి నిలువుగా కిందికి లాగాలి. ప్రతి లాగుడూ ముందు దాని మీదికి రెండంగుళాలు ఎక్కాలి, ప్రతిసారీ రబ్బరు తుడవాలి. పాము మెలికలా తిప్పుతూ ఒకేసారి లాగడం చూడ్డానికి బాగుంటుంది, చెయ్యి తిరిగాక నేర్చుకోవచ్చు. ప్రతి లాగుడులో వైపర్ మీద ఒకే చోట గీత మిగులుతుంటే రబ్బరుకు గాటు పడింది, తిప్పి వేసుకోండి. చోటు మారుతుంటే అద్దం మీద మురికి ఇంకా ఉంది. అంచుల్లో చెమ్మకు పాత పంచె గుడ్డను మించింది లేదు, కొత్త గుడ్డ పీచు వదులుతుంది. వేసవిలో ఎండ పడే ముఖాన్ని ముట్టుకోవద్దు. లాగేలోపే నీళ్లు ఆరిపోతాయి, కాగిన అద్దం మీద చన్నీళ్లు పడితే చిట్లనూ వచ్చు. పొద్దున పడమటి వైపు, మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు.

తెల్ల మరకలకు అర లీటరు గోరువెచ్చని నీళ్లలో పెద్ద చెంచాడు నిమ్మఉప్పు కలిపి, ఐదు పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. కిటికీ గడప తాండూరు, షాబాదు బండైనా పాలరాయైనా ముందు తడిగుడ్డ కప్పాలి. అవన్నీ పులుపు తగిలితే మెరుపు పోయే రాళ్లే. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, అల్యూమినియం ఫ్రేమును తినేస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న మరక అద్దాన్నే కొరికేసి ఉంటే ఏం రుద్దినా పోదు. ఆ మాట పని మొదలుపెట్టకముందే చెప్పాలి, తరవాత చెబితే సాకులా ఉంటుంది. సిమెంటు చుక్కలకు బ్లేడు వాడితే అద్దం తడిగా ఉండాలి, బ్లేడు ఒక్క వైపుకే నడవాలి. టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన) అద్దం మీద, రంగు పూత ఉన్న ముఖం మీద బ్లేడు వద్దే వద్దు.

కింది నుంచి కర్రతో కడగాలంటే ముందు లెక్క చూసుకోవాలి. స్టిల్ట్ (కింద బళ్లు పెట్టుకునే ఖాళీ అంతస్తు) 2.7 మీటర్లు, అంతస్తుకు 3 మీటర్ల చొప్పున వేసుకుంటే రెండో అంతస్తు కిటికీ పైఅంచు దాదాపు 7.8 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 6 మీటర్ల కర్ర మొదటి అంతస్తుకే హాయిగా అందుతుంది. పక్క ఖాళీ మీటరో మీటరున్నరో ఉన్న మన సందుల్లో కర్ర దాదాపు నిలువుగా నిలబడుతుంది కాబట్టి, మెడ వంగే బ్రష్ లేకపోతే అద్దానికి ఆనదు. ముందు ఫ్రేము, తరవాత అద్దం, చివర బ్రష్ కాస్త ఎత్తి పై నుంచి నీళ్ల ధార.

కర్ర పైకెత్తే ముందు తల పైకెత్తి తీగలు చూడాలి. 11 కేవీ తీగకూ భవనానికీ మధ్య అడ్డంగా 1.2 మీటర్ల దూరం ఉంటే చాలని నిబంధన. కర్ర విషయంలో ఆ దూరం దూరమే కాదు. అల్యూమినియం, కార్బన్ ఫైబర్ కర్రలు రెండూ కరెంటును మోస్తాయి. ఫైబర్‌గ్లాస్ కర్ర కూడా తడిసి మురికి పట్టాక నమ్మదగ్గది కాదు. తీగకు 3 మీటర్ల దూరంలోకి కర్ర కొస పోయే అవకాశం ఉన్నా ఆ ముఖం వదిలెయ్యాలి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు కర్ర మడిచి అడ్డంగా పట్టుకోవాలి.

తూముల పని అద్దాల కంటే ముందు చెయ్యాలి, లేకపోతే కడిగిన అద్దాల మీదే మురికి కారుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. తూము మూసుకుంటే అది 5 టన్నుల బరువుగా నెత్తిన నిలుస్తుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ముందు తూము నోట్లో గుడ్డ కుక్కి, ఆకులూ మట్టీ చేత్తో ఎత్తి సంచిలో వెయ్యాలి. నీళ్లతో లోపలికి తోస్తే ఆ చెత్తంతా ఇంకుడు గుంతలోకి చేరి, పూడికతో అది పనికిరాకుండా పోతుంది. సబ్బు, యాసిడ్ నీళ్లూ అటు పోకూడదు. పైపు ఎక్కువగా పూడేది అడుగు మలుపులో. పై నుంచి నీళ్లు నింపి ఒత్తిడితో తోయాలని చూడొద్దు. 10 మీటర్ల నాలుగంగుళాల పైపులో దాదాపు 80 లీటర్లు పడతాయి, ఆ బరువుకు పాత క్లాంపులు ఊడతాయి. డోర్ బెండ్ (మూత విప్పి శుభ్రం చేసే పైపు మలుపు) మూతకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి మెల్లగా వదులు చేసి, ప్లంబర్ స్ప్రింగ్‌ను కింది నుంచి పంపాలి. రావి మొక్క మొలిచి ఉంటే, చిన్నప్పుడే వేరుతో తీసి సందు పూడ్చాలి. పెద్దదాన్ని గుంజితే పైపు జాయింటే ఊడొస్తుంది.

రేకుల షెడ్డు అంచు గట్టర్లకు వేరే జాగ్రత్త. సిమెంటు రేకు, పాలికార్బొనేట్ షీటు మనిషిని మొయ్యవు, విరిగి లోపలికి పడతాడు. కింది నుంచి నిచ్చెన మీదే చెయ్యాలి. 4 మీటర్ల ఎత్తుకు నిచ్చెన అడుగు గోడకు మీటరు దూరంలో ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి. నిచ్చెనను గట్టర్‌కు ఆనిస్తే గట్టర్ వంగి నిచ్చెన జారుతుంది, గోడకే ఆనించాలి. రేకు అంచు కత్తిలా కోస్తుంది కాబట్టి మందపాటి గ్లౌజులు వేసుకోవాలి. ఆస్‌బెస్టాస్ రేకులను పొడిగా గీకడం, ప్రెషర్ పంపుతో కొట్టడం రెండూ కూడదు, నార గాలిలోకి లేస్తుంది. పావురాల రెట్ట కూడా అంతే. తడిపి, ఎన్95 మాస్కు పెట్టుకుని ఎత్తాలి. బాల్కనీ అడుగున పెద్ద తేనెపట్టు కనిపిస్తే ఆ రోజు ఆ వైపు పని లేనట్టే.

కర్రకూ నిచ్చెనకూ అందని ఎత్తు మిగిలితే అది తాడు మీద వేలాడి చేసే పని, లేదా జూలా (తాళ్లకు వేలాడే పలక) మీద చేసే పని. మొదటి ఏడాది కొత్తవాళ్లు దాని జోలికి పోకపోతే నష్టమేమీ లేదు. చేసేవాళ్లకు రెండు తాళ్లు, రెండూ వేర్వేరు కొక్కేలకు. భారత ప్రమాణం ఐఎస్ 3521 ముద్ర ఉన్న, ఒళ్లంతా పట్టే హార్నెస్ (రక్షణ పట్టీలు). తాడు పిట్టగోడ అంచును రాసుకునే చోట దిండు. వేసవి సాయంత్రం ఈదురుగాలి లేచే సూచన ఉంటే దిగకూడదు. హార్నెస్‌లో స్పృహ తప్పి వేలాడే మనిషికి నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, దింపే మనిషి, దింపే పద్ధతి పైన సిద్ధంగా ఉండాలి. ఫైరింజన్ వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదది.

అసోసియేషన్ల వారికి ఒక విన్నపం. డాబా మీద బరువు పరీక్షించిన కొక్కేలు ఉన్నాయో లేవో బిల్డర్ ఇచ్చిన కాగితాల్లో చూడండి. లేకపోతే వాటర్ ట్యాంకు పైపుకో, సోలార్ హీటర్ స్టాండుకో, డిష్ కడ్డీకో తాడు కట్టమని పనివాళ్లకు చెప్పకండి. కొక్కేలు వేయించేదాకా ఆ అద్దాలు అలాగే ఉండనివ్వండి. అద్దానికి ఇంత అని కాకుండా రోజుకు ఇంత అని కూలి మాట్లాడండి. లెక్క అద్దాల మీద ఉన్నంతకాలం, అందని ఆ ఒక్కదాని కోసం సజ్జ దిగేవాడు దిగుతూనే ఉంటాడు.

ఇట్లు,
భవనాల నిర్వహణ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
కొండాపూర్, హైదరాబాద్