‘సేకరణ’ అని పెడితే సరిపోదు

అందరికీ నమస్కారం. మన తిరుపతి గంగమ్మ జాతర వేషాల గురించి నేను రాసింది ఒక సోషల్ మీడియా పేజీ వాళ్లు నా పేరు తీసేసి పెట్టుకున్నారు. అడిగితే "నెట్‌లో ఉండేదే కదా సార్" అంటారు! నెట్‌లో పెట్టినంత మాత్రాన ఊరుమ్మడి సొత్తు అయిపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినప్పటి నుంచే హక్కు మనది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. జాతర మీదే ఇంకొకరు సొంతంగా రాస్తే మాత్రం అడ్డు చెప్పలేం. హక్కు రాసిన తీరుకే, విషయానికి కాదు. విమర్శ కోసం పేరు చెప్పి రెండు వాక్యాలు తీసుకోవచ్చు. మొత్తం ఎత్తేసి కింద 'సేకరణ' అంటే చెల్లదు. మన గ్రూపులోనూ ఆ అలవాటుంది, ఏమనుకోవద్దు. ఇలా జరిగితే ముందు స్క్రీన్‌షాట్, లింకు దాచుకోండి. తీసేయమని నేను మెయిల్ పెట్టాను, జవాబు రాగానే చెబుతా.