పన్నెండో మనిషికి స్కోరర్ రాసేది

పిట్స్‌బర్గ్,
జూన్ 2023

ఒరేయ్ పన్నెండూ,

తిట్టుకో, పడతాను. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి జూన్‌లో జవాబు రాస్తున్నాను. మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటి కాగితం కూరగాయల చీటీ అయింది, రెండోదాని మీద అమ్మాయి ఏనుగు బొమ్మ వేసింది, మూడోది ఆఫీసు సంచి అడుగున నలిగిపోయింది. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదురా. మధ్యలో నువ్వు నవ్వుతావు, నాకు ఉక్రోషం వచ్చి పెట్టేస్తాను.

ముందు క్షేమ సమాచారాలు గబగబా అప్పజెప్పేస్తాను. అమ్మకు రెండో కంటి శుక్లం కూడా తీశారు, ఇప్పుడు కూర్చుని నా తెల్ల వెంట్రుకలు లెక్కపెడుతోంది. అమ్మాయి ఐదో తరగతి అయింది. ఉద్యోగం ఉంది, మోకాలి నొప్పీ ఉంది. మీ ఆవిడ అడిగిన గుడి ఫోటోలు ఈసారి తప్పకుండా పంపుతాను. పోయినసారి వెళ్ళినప్పుడు క్యాంటీనులో పులిహోర ముందు కూర్చున్నాక ఫోటోల సంగతి మరిచిపోయాను.

ఇక అసలు విషయం. ఏప్రిల్ 26, బుధవారం. ఆఫీసులో ఎవరో వెళ్ళలేక రెండు బేస్‌బాల్ టికెట్లు నా బల్ల మీద పడేశారు. మా ఊరి పైరేట్స్‌కూ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కూ ఆట. అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. ఇక్కడి మైదానం నది ఒడ్డున ఉంటుంది, అవతల పసుపు రంగు వంతెన, దాని వెనక ఊరు. మధ్యలో పిరోగీల పరుగుపందెం ఒకటి పెడతారు. పిరోగీ అంటే మన కజ్జికాయే అనుకో, లోపల కొబ్బరికి బదులు బంగాళాదుంప. మనుషులు ఆ వేషాలు వేసుకుని పరుగెత్తుతారు. నువ్వు ఉంటే పందెం కాసేవాడివి, ఓడాక నా దగ్గర అప్పు చేసేవాడివి. నిమ్మసోడా బాకీ ఇంకా తీరలేదు, గుర్తుందిగా?

మనవాళ్ళు హాయిగా గెలుస్తున్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మకచెన్ బ్యాటింగ్‌కు రావాలి. ఆండ్రూ మకచెన్ అంటే ఈ ఊరి ముద్దుబిడ్డ, 2013లో లీగులోకెల్లా మేటి ఆటగాడు. అయిదేళ్ళు ఊళ్ళు తిరిగి ఈ ఏడాదే ఇంటికి వచ్చాడు. అలాంటివాడిని కూర్చోబెట్టి ఇంకొకడిని పంపితే జనం ఊరుకుంటారా? ఊరుకోలేదు. అందరూ లేచి నిలబడ్డారు! చప్పట్లు, కేకలు. నేను అమ్మాయి మొహం చూశాను, అమ్మాయి నా మొహం చూసింది. బోర్డు మీద పేరు చదివి అది పకపకా నవ్వింది. డ్రూ మాగీ. ఇక్కడివాళ్ళు ఎలా పలుకుతారో వదిలెయ్, అక్షరాలు మాత్రం అచ్చంగా మన హాస్టల్ నూడుల్స్ ప్యాకెట్టువి.

పక్క సీటులో ఒక ముసలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఎవరండీ ఇతను అని అడిగాను. "ఇవాళే మొదటి ఆట" అన్నాడు. కుర్రవాడా అన్నాను. "ముప్ఫై మూడేళ్ళు" అన్నాడు.

రెండు నిమిషాల నూడుల్స్ ఉడకడానికి పదమూడేళ్ళు పట్టింది చూడు. ఈ జోకు నీకు మొదట చెప్పాలని రెండు నెలలుగా దాచాను. అబద్ధం, ఆఫీసులో ఇద్దరికి చెప్పాను, నవ్వలేదు.

ఇంటికి వచ్చి, పాత అలవాటు కదా, రాత్రి రెండింటి దాకా లెక్కలు తీశాను. ఇక్కడ జట్లు ఏటా వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఏరుకుంటాయి. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ నుంచి ఇతన్ని పదిహేనో రౌండులో ఎంచుకున్నది ఈ పైరేట్సే. అప్పటినుంచి అంతా కింది లీగులే. ఇక్కడ పెద్ద లీగుకు కింద మెట్లు మెట్లుగా చిన్న లీగులుంటాయి, మన డివిజన్ క్రికెట్ లాగే. పైరేట్స్ తర్వాత ఏంజెల్స్, డాడ్జర్స్, క్లీవ్‌ల్యాండ్, మిన్నెసోటా, ఫిలడెల్ఫియా, మళ్ళీ పైరేట్స్. అన్ని సంస్థల చిన్న జట్లలోనూ కలిపి 1,155 ఆటలు. 1,155! నేను ఎక్కడికి పోయినా స్కోరు పుస్తకం మోసుకుపోయే మనిషిని, నాకే తల తిరిగింది. పెద్ద లీగులో మాత్రం ఒక్కటీ ఆడలేదు.

అతను ఇన్‌ఫీల్డర్. ఒక చోటని లేదు, సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఇదే అతని బలం, ఇదే అతని శాపం అనిపించింది నాకు. ఏ పనికైనా వస్తాడు కాబట్టి ప్రతివాడూ ఉంచుకుంటాడు, ఏ ఒక్క పనికీ ఇతనే కావాలని ఎవడూ పట్టుబట్టడు. మన మెస్సులో బంగాళాదుంప లాగా. (నిన్ను అనడం లేదు. కొంచెం అంటున్నాను.)

2021 సెప్టెంబరులో ఇంకా ఘోరం. మిన్నెసోటా జట్టు పైకి పిలిచింది, టొరంటోలో వాళ్ళ బెంచీ మీద కూర్చున్నాడు. ఆడించకుండానే కిందికి పంపేశారు. పీటల మీద కూర్చోబెట్టి పెళ్ళి వాయిదా అన్నట్టు. అప్పుడు మానేసి ఉంటే ఎవరూ తప్పుపట్టరు. మానలేదు.

ఈ వసంతంలో ఆల్టూనాలో, పైరేట్స్ చిన్న జట్టులో ఆడుతున్నాడు. ఇక్కడికి రెండు గంటల దారి, మన కాజీపేట లాంటి రైల్వే ఊరు. కొండ చుట్టూ రైలు పట్టాలు పెద్ద మలుపు తిరుగుతాయని జట్టు పేరే 'కర్వ్'. పైరేట్స్‌లో బ్రయన్ రేనాల్డ్స్ ఇంట్లో ఎవరో పోయి సెలవు పెట్టాడు. ఖాళీ వచ్చింది. ఆల్టూనా కోచ్ జట్టంతా కూర్చుని ఉండగా ఇతని పేరు చెప్పాడు. ఆ వీడియో చూడు, కుర్రాళ్ళంతా ఎగిరి మీద పడ్డారు. అదే వారంలో ఆ రేనాల్డ్స్‌కు ఎనిమిదేళ్ళకు పది కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం కుదిరింది. ఇతని లీగులో కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు, అదీ ఆటగాళ్ళ సంఘం ఈ ఏడాదే పోరాడి తెచ్చుకుంది, అంతకు ముందు ఇంకా అన్యాయం. పై లీగులో కనీసం 7,20,000. రోజుకు నాలుగు వేలకు కాస్త తక్కువ. అంటే పైన ఎనిమిది రోజులు కూర్చుంటే కింద ఏడాదంతా ఆడినంత. లెక్క సరిచూసుకో, నువ్వు ఎలాగూ నన్ను నమ్మవు.

అన్నట్టు, 2008లో మన దేశం నుంచి ఇద్దరు జావెలిన్ కుర్రాళ్ళను, రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లను, బౌలర్లుగా తెచ్చుకున్నది కూడా ఈ పైరేట్సే. వాళ్ళిద్దరూ పెద్ద లీగు దాకా రాలేదు. అది ఇంకో ఉత్తరం.

ఎక్కడున్నాను? ఆ, నిలబడ్డాం. అరిజోనా నుంచి అతని అమ్మానాన్నా వచ్చి కూర్చున్నారట. ఎదుట డాడ్జర్స్ ఎడమచేతి బౌలర్ వేసియా. ఏ బంతి ఎలా వచ్చిందని మాత్రం అడగకు. స్కోరర్‌నై ఉండి చెప్పలేను, కళ్ళు సరిగ్గా కనబడలేదు. చలిగాలి అనుకో. అవుటైపోయాడు. మూడు స్ట్రైకులు, అంతే.

మళ్ళీ చప్పట్లు! అవుటైనవాడికిరా! "అవుటయ్యాడు కదా నాన్నా, ఎందుకు?" అని అడిగింది అమ్మాయి. ఏం చెప్పాలో తెలియలేదు. కజ్జికాయల పందెం ఎవరు గెలిచారమ్మా అని మాట మార్చేశాను.

మూడు రోజులకు వాషింగ్టన్‌లో మొదటి హిట్టు కొట్టాడు, ఒక పరుగు కూడా తెచ్చాడు. ఆ ఆట మనవాళ్ళు 16–1తో గెలిచారు. మొత్తం మూడు ఆటలు, ఆరుసార్లు బ్యాటింగ్, రెండు హిట్లు. సగటు .333. బేస్‌బాల్‌లో .300 ఉంటేనే నెత్తిన పెట్టుకుంటారు. తర్వాత? కిందికి పంపేశారు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది, మూడు కాగితాలూ ఆగిపోయింది ఇక్కడే. మన క్రికెట్ ఫైనల్. ఓపెనర్‌కు కామెర్లు వచ్చి, మూడేళ్ళు నీళ్ళ సీసాలూ గ్లవుజులూ మోసిన నిన్ను దింపారు. ఎనిమిదో నంబరు. మొదటి బంతికే లెగ్‌స్టంప్. నువ్వు గుడారం దాకా నడిచి వచ్చేలోపు అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరో నీకు తెలుసు. ఆ పేరు తగిలించిందీ నేనే. కానీ నీకు తెలియనిది ఒకటుంది. స్కోరు పుస్తకంలో నీ సున్నా పక్కన బాతు బొమ్మ వేశాను. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది, సముద్రం దాటి వచ్చింది. ఆ రోజు మనవాళ్ళు ఎవరూ లేచి నిలబడలేదు కదా, నేను కనీసం పెన్ను కింద పెట్టి ఉంటే...

సరే, ఆ రాత్రి లెక్కలన్నీ అయ్యాక పుస్తకం తీసి బాతును చెరపబోయాను. పాత సిరా, పాత కాగితం. బ్లేడుతో మెల్లగా గీకుతుంటే చిరిగిపోయింది. బాతుతో పాటు సున్నా కూడా పోయింది. నీ పేరుకు ఎదురుగా ఇప్పుడు చిల్లు ఉంది. వెలుతురుకు పెడితే అవతల వాళ్ళ ఎక్స్‌ట్రాలు కనిపిస్తున్నాయి. నువ్వు ఒప్పుకుంటే అక్కడ

అమ్మాయి కింద నుంచి అరుస్తోంది, ఈత క్లాసుకు పది నిమిషాలే ఉంది, కారు తాళాలు కనబడటం లేదు. ఇదైనా పోస్టులో పడేస్తాను.

నీ
స్కోరర్